పాఠకుల ప్రశ్న: మామగారి అలమారాలో దొరికిన బోర్బన్ సీసా ఎక్కడిది?

ప్రశ్న: మేము ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటాం. మా మామగారు 1972లో డాక్టరుగా ఈ దేశం వచ్చారు. ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే బేస్‌మెంట్ అలమారాలో మూత తీయని విస్కీ సీసా ఒకటి కనిపించింది. పేషెంటు ఒకాయన కానుకగా ఇచ్చారనీ, అది అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల నాటిదనీ అత్తయ్యగారు చెబుతారు. లేబుల్ మీద ‘ఓల్డ్’ అని మొదలై ఎవరో జడ్జిగారి పేరు ఉంది. దాని కింద కెంటకీ స్ట్రెయిట్ బోర్బన్ విస్కీ, బాటిల్డ్ ఇన్ బాండ్, 100 ప్రూఫ్, 4/5 క్వార్ట్ అని ఉన్నాయి. షికాగో 4, ఇల్లినాయ్ చిరునామాతో ఒక దుకాణం కోసం ప్రత్యేకంగా నింపినట్టు రాశారు. మరీ చిన్న అక్షరాల్లో ‘డిస్టిలరీ నంబర్ 16’ అని ఉంది. మూత మీదుగా అంటించిన ఆకుపచ్చ కాగితం ఒక పక్క చిరిగింది. దాని మీద ‘మేడ్ స్ప్రింగ్ 195’ వరకే కనిపిస్తోంది, చివరి అంకె పోయింది. ‘బాటిల్డ్ ఫాల్ 1957’ మాత్రం స్పష్టంగా ఉంది. సీసా అడుగున సున్నాలో నిలువు గీత గుర్తు, దాని కుడి పక్కన 56 అని ఉన్నాయి. ఆ పేరుతో ఎక్కడ వెతికినా ఏమీ దొరకడం లేదు. ఇది నకిలీయా? అసలు ఎవరు చేశారు? మా మరిది పారబోయమంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: పారబోయకండమ్మా. మీరు ఉత్తరంలో రాసిన వివరాలన్నీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి, ఒక్కటి కూడా అడ్డం తిరగడం లేదు. నకిలీ సీసాల విషయంలో సాధారణంగా ఇలా జరగదు. ఆ సీసా మద్యనిషేధం నాటిది కాదు. 1957 జులై, డిసెంబరు నెలల మధ్య నింపినది. లోపలి విస్కీ 1950, 1953 సంవత్సరాల మధ్య ఏదో ఒక వసంతంలో కాచినది. కాచిన చోటు కెంటకీలోని లూయివిల్ నగరం అంచున, షైవ్లీలో ఉన్న స్టిట్జెల్-వెల్లర్ డిస్టిలరీ, అంటే విస్కీ కాచే కర్మాగారం. మీ ఉత్తరంలోని నాలుగైదు చిన్న వివరాల నుంచి ఇంత దూరం ఎలా రావచ్చో వివరంగా చెబుతాను, ఎందుకంటే షికాగో దుకాణం సంగతి తేల్చే పని ఇక మీ చేతుల్లోనే ఉంది.

మీరు మొదట పట్టుకున్నది లేబుల్ మీది పెద్ద అక్షరాల పేరును. పాత అమెరికన్ విస్కీల విషయంలో అన్నిటికన్నా తక్కువ సాక్ష్యం చెప్పేది ఆ పేరే. ‘ఓల్డ్’ అన్న మాటకు ఒక జడ్జినో కల్నల్‌నో జోడించి పేరు పెట్టడం అక్కడి వ్యాపారులకు వంద సంవత్సరాలకు పైగా అలవాటు. ఆ మనిషి నిజంగా ఉన్నాడో లేడో, ఉన్నా విస్కీతో సంబంధం ఉందో లేదో పేరును బట్టి చెప్పలేం. పైగా పెద్ద డిస్టిలరీలు తమ సొంత బ్రాండ్లతో పాటు ఊరూరి దుకాణాలకూ, క్లబ్బులకూ, హోటళ్లకూ వారు కోరిన పేరుతో లేబుల్ అతికించి సీసాలు నింపి ఇచ్చేవి. కొట్టు పేరున్న సంచిలో వచ్చినంత మాత్రాన చీర ఆ కొట్టులో నేసినది కానట్టే, ఆ పేరుకూ విస్కీ కాచిన చోటుకూ సంబంధం ఉండదు. అలాంటి పేర్లు ఒక నగరం దాటి వెళ్లేవి కావు, దుకాణం మూతపడితే వాటితో పాటే మాయమయ్యేవి. కాబట్టి మీకు ఆ పేరు ఎక్కడా దొరకకపోవడం నకిలీకి గుర్తేమీ కాదు, ప్రైవేటు లేబుల్‌కు అది సహజమే. (మీరు పేరు పూర్తిగా రాశారు గానీ, ముందు ముందు అమ్మే ఉద్దేశం ఉండవచ్చు కాబట్టి ఇక్కడ అచ్చు వేయడం లేదు.)

ప్రసిద్ధమైన పేర్లు కూడా ఇంతే గందరగోళపెడతాయి. ఓల్డ్ ఫిట్జెరాల్డ్ అనే బోర్బన్ 1992 వరకు స్టిట్జెల్-వెల్లర్‌లో తయారైంది. 1999లో ఆ పేరును హెవెన్ హిల్ సంస్థ కొనుక్కుంది. పేరు అదే, లోపలి సరుకు వేరే చోటిది. ఇంకా విచిత్రమైనది ఏ.హెచ్. హిర్ష్ రిజర్వ్ కథ. సేకరించేవాళ్లు ఎగబడి కొనే ఆ బోర్బన్‌ను 1974 వసంతంలో కాచారు, అదీ కెంటకీలో కాదు, పెన్సిల్వేనియాలోని షేఫర్స్‌టౌన్‌లో. బోర్బన్ అంటే కెంటకీలోనే చేయాలని చాలామంది అనుకుంటారు గానీ చట్టం అలా అనదు. అమెరికాలో ఎక్కడైనా చేయవచ్చు. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చి నల్లబరిచిన కొత్త ఓక్ పీపాల్లో నిలవ ఉంచాలి. కెంటకీ అని లేబుల్ మీద రాయాలంటే మాత్రం అక్కడ చేసినదై ఉండాలి, మీ సీసా మీద ఆ మాట ఉంది.

ఇప్పుడు అసలు సాక్ష్యానికి వద్దాం. మీ లేబుల్ మీద అన్నిటికన్నా విలువైన మాట ‘బాటిల్డ్ ఇన్ బాండ్’. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో అమ్ముడయ్యే విస్కీలో చాలా భాగం అసలు విస్కీయే కాదు. రుచీపచీ లేని స్పిరిట్‌లో రంగూ, వాసన వచ్చే పదార్థాలూ కలిపి, దానికే పాత విస్కీ అని పేరు పెట్టి అమ్మేవారు. నిజాయితీగా పీపాల్లో ఏళ్లకేళ్లు నిలవ పెట్టిన వారికి ఇది గిట్టుబాటు కాలేదు. కెంటకీకి చెందిన డిస్టిలర్ ఎడ్మండ్ హేన్స్ టేలర్ జూనియర్, అప్పటి ఆర్థికమంత్రి జాన్ కార్లైల్ వంటివారు పట్టుబట్టడంతో 1897లో బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఆ మాట రాసుకోవాలంటే విస్కీ ఒకే డిస్టిలరీలో, ఒకే కాలంలో కాచినదై ఉండాలి. ప్రభుత్వ పర్యవేక్షణలోని గోదాములో కనీసం 4 సంవత్సరాలు నిలవ ఉండాలి. సరిగ్గా 100 ప్రూఫ్‌లో, అంటే 50 శాతం ఆల్కహాల్‌తో, నింపాలి. ఏ డిస్టిలరీలో చేశారో లేబుల్ మీద తెలపాలి. పేరుతో ఎన్ని వేషాలు వేసినా, ఈ చట్టం వల్ల బాండెడ్ సీసా తన పుట్టిల్లు దాచుకోలేదు. మీ సీసా మీద ఈ మాట లేకపోయి ఉంటే ఈ సమాధానం సగంలోనే ఆగిపోయేది.

మూత మీది ఆకుపచ్చ కాగితాన్ని పన్ను పట్టీ అనుకోండి. మన రాష్ట్రాల్లో మద్యం సీసాల మూతల మీద అంటించే ఎక్సైజ్ లేబుల్ చేసే పనే అదీ చేసేది. మద్యనిషేధం ఎత్తివేశాక ఆకుపచ్చది బాండెడ్ విస్కీకి, ఎర్రది మిగతా మద్యానికి వాడేవారు. ఆ పద్ధతి 1985 వరకు సాగింది. ఎర్ర పట్టీ తేదీ గురించి పెద్దగా ఏమీ చెప్పదు. ఆకుపచ్చ పట్టీ మీద మాత్రం ఆ రోజుల్లో కాచిన కాలం, నింపిన కాలం రెండూ అచ్చు వేసేవారు. అక్కడ స్ప్రింగ్ అంటే జనవరి నుంచి జూన్ వరకు, ఫాల్ అంటే జులై నుంచి డిసెంబరు వరకు. వాతావరణంతో నిమిత్తం లేదు, సంవత్సరాన్ని రెండు ముక్కలు చేసిన ప్రభుత్వ లెక్క మాత్రమే.

మీ పట్టీలో చిరిగిపోయిన ఆ ఒక్క అంకెను చట్టం సాయంతో చాలా వరకు పూరించవచ్చు. నింపినది 1957 ఫాల్‌లో. బాండెడ్ విస్కీకి 4 సంవత్సరాలు నిండి తీరాలి కాబట్టి, స్ప్రింగ్‌లో కాచినది అంటున్న మీ విస్కీ 1953 స్ప్రింగ్‌కు తర్వాతది అయ్యే వీల్లేదు. ముందు మూడు అంకెలు 195 అని నిలిచి ఉన్నాయి కాబట్టి 1950కి ముందుదీ కాదు. మిగిలినవి నాలుగే: 1950, 1951, 1952, 1953. మీకు ఓపిక ఉంటే చిరుగు అంచును భూతద్దం కింద పెట్టి చూడండి. 0, 3 అంకెలకు కింది వైపు వంపు ఉంటుంది. 1కి నిలువు గీత, 2కి అడ్డగీత ఉంటాయి. ఆ అంకె అడుగు భాగం వెంట్రుక మందం మిగిలినా తేలిపోతుంది. లేబుల్ మీద వయసు రాయలేదంటే ఆశ్చర్యపోకండి, 4 సంవత్సరాలు దాటిన స్ట్రెయిట్ విస్కీకి వయసు రాయాలన్న నిర్బంధం లేదు. ఆ కాలపు బోర్బన్‌లో 8 సంవత్సరాలు దాటినవి అరుదుగా కనబడడానికి కూడా పన్ను చట్టమే కారణం: పన్ను కట్టకుండా గోదాములో ఉంచుకునే గడువు 8 సంవత్సరాలే ఉండేది, 1958లో దాన్ని 20కి పెంచారు.

ఇక గాజు. సున్నాలో నిలువు గీత అన్నారే, అది ఓవెన్స్-ఇల్లినాయ్ అనే గాజు సీసాల కంపెనీ గుర్తు. 1929లో రెండు సంస్థలు కలిసి అది ఏర్పడినప్పుడు ఆ రెండక్షరాల మీదుగా ఒక డైమండ్ ఆకారం ఉండేది. 1950ల మధ్య నుంచి డైమండ్ పోయి, మీరు చూసిన గుర్తు మిగిలింది. దాని కుడి పక్క అంకెలు సీసా పోత పోసిన సంవత్సరాన్ని తెలుపుతాయి, కాబట్టి 56 అంటే 1956. ఇక్కడ చాలామంది తడబడతారు. గాజు మీది సంవత్సరం సీసా ఎప్పుడు నిండిందో చెప్పదు, అంతకన్నా ముందు నిండలేదని మాత్రమే చెబుతుంది. 1956లో పోసిన ఖాళీ సీసా గోదాములో కొంతకాలం ఉండి 1957 ద్వితీయార్ధంలో నిండడం మామూలు విషయం. అదే గాజు మీద 59 అని ఉండి, పట్టీ మీద 1957 అని ఉంటే, అప్పుడు మనం వేరే రకం ఉత్తరం రాసుకోవలసి వచ్చేది.

మీరు రాయని వివరం ఒకటి అడుగుతాను. సీసా భుజం చుట్టూ గాజులోనే ఉబ్బెత్తు అక్షరాలతో, ఈ సీసాను అమ్మడం గానీ తిరిగి వాడడం గానీ ఫెడరల్ చట్టరీత్యా నిషిద్ధం అన్న ఇంగ్లీషు వాక్యం ఉండాలి, చూడండి. 1935 నుంచి 1964 వరకు అమెరికాలో మద్యం సీసాలన్నిటి మీదా అది తప్పనిసరి. దొంగసారా కాచేవాళ్లు పేరున్న కంపెనీల ఖాళీ సీసాలు సంపాదించి, వాటిలో తమ సరుకు నింపి అమ్ముతారన్న భయంతో పెట్టిన నియమం అది. (ఖాళీ విస్కీ సీసాలో మనీప్లాంటు పెట్టుకునే మన ఇళ్లవాళ్లు ఆ వాక్యం చదివి ఉంటే ఏమనేవారో.) 1957 సీసా మీద ఆ వాక్యం లేకపోతే నాకు అనుమానం వస్తుంది; ఉంటే మన లెక్కకు మరో సాక్షి దొరికినట్టే.

‘షికాగో 4’ అన్న చోట ఆ 4 అంకె వీధి నంబరు కాదు. 1943లో అమెరికా తపాలా శాఖ పెద్ద నగరాలను జోన్లుగా విడదీసి ఊరి పేరు పక్కన ఒకటి రెండంకెల సంఖ్య రాయమంది. 1963 జులైలో ఐదంకెల జిప్ కోడ్ వచ్చాక ఆ జోన్ అంకెలు పోయాయి. చిరునామాను బట్టే మీ లేబుల్ ఈ రెండు తేదీల మధ్యది అని తెలుస్తుంది. ఇదంతా మీ పట్టీ చెప్పిన 1957తో పోలిస్తే వెడల్పాటి వ్యవధే అయినా, పట్టీ, గాజు, లేబుల్ మూడూ మూడు వేరువేరు చోట్ల తయారైనవి కాబట్టి వాటి మధ్య వైరుధ్యం లేకపోవడం చాలా పెద్ద విషయం.

అయితే అత్తయ్యగారు చెప్పిన మద్యనిషేధం మాట ఎక్కడిది? ఆవిడ కల్పించారని నేను అనుకోను. నిషేధం 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు 5 వరకు సాగింది. ఆ పదమూడేళ్లలో కూడా డాక్టరు చీటీ మీద మందుల దుకాణంలో విస్కీ అమ్మేవారు. దానికి ఆరు సంస్థలకు అనుమతి ఉండేది, వాటిలో లూయివిల్‌కు చెందిన ఏ. పీహెచ్. స్టిట్జెల్ ఒకటి. ఆ మందు విస్కీ ఎక్కువగా పైంట్ సీసాల్లో, ఔషధంగా మాత్రమే వాడాలన్న మాటతో, ఇలాంటి ఆకుపచ్చ పట్టీతోనే వచ్చేది. ప్రభుత్వ ముద్ర ఉన్న ఆకుపచ్చ పట్టీ కనబడితే చాలు, నిషేధం నాటి మందు సీసా అని అమెరికన్ కుటుంబాల్లో చెప్పుకోవడం ఉంది. ఒక పేషెంటు తన డాక్టరుకు అటువంటి సీసా ఇస్తూ ఆ కథ కూడా చెప్పడంలో ఒక సరదా ఉంది కదా. మామగారు 1972లో వచ్చారు కాబట్టి, ఆయన చేతికి అందే నాటికే అది కనీసం పద్నాలుగేళ్లుగా ఎవరి అలమారాలోనో ఉన్నది. కానుక కథ నిజమే అయ్యుండాలి, తేదీ ఒక్కటే ఇరవై నాలుగేళ్లు ముందుకు జరపాలి.

ఇప్పుడు నంబర్ 16. ప్రభుత్వం ప్రతి డిస్టిలరీకి రాష్ట్రాలవారీగా ఒక సంఖ్య ఇచ్చేది. ఆ సంఖ్య స్థలానికి చెందుతుంది, బ్రాండ్‌కు కాదు. 1960 తర్వాతి లేబుళ్ల మీద ఇదే డి.ఎస్.పి. అన్న మూడక్షరాలతో, కెంటకీకి కె.వై. జోడించి కనబడుతుంది. కెంటకీ జాబితాలో 31 బార్డ్స్‌టౌన్‌లోని హెవెన్ హిల్ పాత డిస్టిలరీ, 113 ఫ్రాంక్‌ఫర్ట్‌లో నేడు బఫలో ట్రేస్ అని పిలిచేది, 230 క్లెర్‌మాంట్‌లోని జిమ్ బీమ్, 354 లూయివిల్‌లోని బ్రౌన్-ఫార్మన్. 16 స్టిట్జెల్-వెల్లర్. మీ విస్కీ కెంటకీది అని లేబుల్ చెబుతోంది కాబట్టి ఇది కెంటకీ 16. వేరే రాష్ట్రపు సీసా మీద అదే 16 ఉంటే అది వేరే డిస్టిలరీ అవుతుంది, నిషేధానికి ముందటి నంబర్లయితే అసలు వేరే వరస. మీలాంటి సీసా మరొకటి ఎవరికైనా దొరికితే, అంకెతో పాటు రాష్ట్రమూ కాలమూ చూడకుండా నిర్ణయానికి రావద్దని చెప్పండి.

స్టిట్జెల్-వెల్లర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, మీ అలమారాలో ఉన్నదాని విలువ అక్కడే ఉంది కాబట్టి. నిషేధం ముగిశాక డబ్ల్యూ.ఎల్. వెల్లర్ అన్న విస్కీ వర్తక సంస్థ, స్టిట్జెల్ డిస్టిలరీ కలిసిపోయి, 1935 మే నెలలో కెంటకీ డెర్బీ గుర్రప్పందెం రోజున షైవ్లీలో కొత్త డిస్టిలరీ తెరిచాయి. దాన్ని నడిపిన పెద్దాయన జూలియన్ వాన్ వింకిల్, అందరూ పాపీ అనేవారు. 1965లో చనిపోయేదాకా ఆ పేరే డిస్టిలరీకి ముఖం. బోర్బన్‌లో మొక్కజొన్న తర్వాత రుచి కోసం వేసే ధాన్యం చాలా చోట్ల రై. ఇక్కడ దాని బదులు గోధుమ వేసేవారు, దాంతో విస్కీకి ఘాటు తగ్గి మెత్తదనం వచ్చేది. ఓల్డ్ ఫిట్జెరాల్డ్, డబ్ల్యూ.ఎల్. వెల్లర్, కేబిన్ స్టిల్ ఆ ఇంటి బ్రాండ్లు. 1972లో కుటుంబం డిస్టిలరీని అమ్మేసింది, 1992లో కాచడం ఆగిపోయింది. అలా మూతపడ్డ చోటి సరుకు కావడం వల్లే ఆ కాలపు సీసాలకు ఇప్పుడు సేకరించేవాళ్లలో గిరాకీ. దుకాణాలకు వారి పేర్లతో సీసాలు నింపి ఇవ్వడం స్టిట్జెల్-వెల్లర్ విరివిగా చేసిన పని, కనుక షికాగో పేరు చూసి కంగారు పడనక్కర్లేదు. అయితే దీన్నిబట్టి మీ సీసాలో ఉన్నది ఓల్డ్ ఫిట్జెరాల్డే అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒకే పొయ్యి మీద కాచినా ఏ పీపాలు, ఎంత కాలం నిలవ ఉన్నవి ఎవరికి పోసి ఇచ్చారన్నది వేరే ప్రశ్న, లేబుల్ దానికి జవాబివ్వదు.

మిగిలినది షికాగో దుకాణం. దాని చరిత్ర విస్కీ పుస్తకాల్లో దొరకదు, ఊరి కాగితాల్లో దొరుకుతుంది. 1950లలో పెద్ద మద్యం దుకాణాలు దినపత్రికల్లో, ముఖ్యంగా క్రిస్మస్‌కు ముందు వారాల్లో, ధరలతో సహా ప్రకటనలు వేసేవి. కొలంబస్ మెట్రోపాలిటన్ లైబ్రరీ కార్డుతో పాత పత్రికల డిజిటల్ ప్రతులు చూసే వీలుందేమో మీ లైబ్రేరియన్‌ను అడగండి. వెతికేటప్పుడు బ్రాండ్ పేరుతో కాక దుకాణం పేరుతో, వీధి పేరుతో వెతకండి. షికాగో హిస్టరీ మ్యూజియం, న్యూబెర్రీ లైబ్రరీ ఆ నగరపు పాత కాగితాలు భద్రపరిచే చోట్లు. 1957కు అటూ ఇటూ టెలిఫోన్ డైరెక్టరీలు అక్కడ అడగవచ్చు. డిస్టిలరీ వైపు నుంచి రావాలనుకుంటే లూయివిల్‌లోని ఫిల్సన్ హిస్టారికల్ సొసైటీ ఉంది, బార్డ్స్‌టౌన్‌లో ఆస్కర్ గెట్జ్ విస్కీ చరిత్ర మ్యూజియం ఉంది. ఫెడరల్ ప్రభుత్వం లేబుల్ అనుమతులను అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టింది నిజమే గానీ, అక్కడ ఉన్నవి ఈమధ్య దశాబ్దాలవి. 1957 లేబుల్ కోసం అక్కడ గంటలు పాడు చేసుకోవద్దు. ఎవరికి రాసినా ‘ఈ బ్రాండ్ గురించి చెప్పండి’ అని అడగకండి. డిస్టిలరీ నంబరు, రెండు తేదీలు, దుకాణం చిరునామా, మంచి ఫొటోలు పంపి, ఆ దుకాణానికి స్టిట్జెల్-వెల్లర్ నింపి ఇచ్చిన ఇతర లేబుళ్లు ఏవైనా తెలుసా అని అడగండి. అంత నిర్దిష్టమైన ప్రశ్నకే ఆర్కైవుల్లో పనిచేసేవాళ్లు లేచి బీరువా తెరుస్తారు.

ఫొటోల సంగతి. లేబుల్‌ను తడిగుడ్డతో తుడవకండి, ఆ కాలపు జిగురూ సిరా కూడా నీటికి లొంగుతాయి. దుమ్ముంటే పొడి మెత్తని కుంచెతో దులపండి. గది దీపాలు ఆర్పి, చేతి టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే గాజు మీది ఉబ్బెత్తు అక్షరాలు నీడలు పడి స్పష్టంగా కనిపిస్తాయి. అడుగు ఫొటో కోసం సీసాను తలకిందులు చేయకండి, నిలువుగానే పైకెత్తి పట్టుకోమని ఇంకొకరికి ఇచ్చి కింద నుంచి తీయండి, ఎందుకంటే అరవై ఏళ్లు దాటిన మూత లోపలి పొరను 50 శాతం ఆల్కహాల్ తగిలి చెడగొట్టగలదు.

సీసాలో మద్యం మార్చారేమో అన్న అనుమానం కూడా ఈ చూపుతోనే తీర్చుకోవచ్చు. పట్టీ మూతను దాటి రెండు వైపులా గాజుకు అంటుకుని ఉందా, చిరుగు మూత తిప్పే చోట అడ్డంగా ఉందా లేక ఒక కొసన మాత్రమే ఉందా చూడండి. మూత అంచు వెంబడి చిరిగితే తెరిచి ఉండవచ్చు. మీరు రాసినట్టు ఒక పక్క కొస మాత్రమే పోతే అది అలమారాలో రాసుకుని పోయినట్టే. అల్ట్రావయొలెట్ టార్చి దొరికితే చీకట్లో వేసి చూడండి. ఈమధ్య తయారైన తెల్ల కాగితం నీలంగా మెరుస్తుంది, పాత కాగితం మొద్దుగా ఉండిపోతుంది. సీసాలో విస్కీ మట్టం మెడ కిందికి కొంచెం దిగి ఉంటే ఆందోళన వద్దు, ఇన్నేళ్లలో అది ఆవిరయ్యే తీరే. భుజం దిగువకు పోతే మాత్రం మూత సరిగా లేనట్టు.

మరిదిగారితో ఏం చెప్పాలంటే, విస్కీ వైన్ లాంటిది కాదు, సీసాలో పడ్డాక ముసలితనం రాదు. మట్టం బాగా ఉండి మూత బిగుతుగా ఉంటే 1957లో ఉన్నదానికి దగ్గరగానే ఉంటుంది, తాగినవారికి హాని ఉండదు. ఇది మామూలు గాజు సీసా. అదే పింగాణీ బొమ్మ ఆకారపు డికాంటరో (మద్యం పోసి ఉంచే కూజా), సీసం కలిసిన స్ఫటిక డికాంటరో అయ్యుంటే తాగవద్దనే చెప్పేవాణ్ణి, వాటిలోంచి సీసం మద్యంలోకి దిగుతుంది. అమ్మదలిస్తే ఒహాయోలో లైసెన్సు లేని వ్యక్తి మద్యం అమ్మకూడదు, అక్కడ స్పిరిట్ల అమ్మకం రాష్ట్ర ప్రభుత్వ అదుపులో ఉంటుంది. పక్కనే ఉన్న కెంటకీలో 2018 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, లైసెన్సున్న దుకాణాలు తెరవని పాత సీసాలను సామాన్య వ్యక్తుల నుంచి కొనవచ్చు. అలాంటి దుకాణానికి ముందు ఫొటోలు పంపి, సీసా తీసుకురావడానికి రెండు రాష్ట్రాల నియమాలు ఏమిటో వారినే అడగండి. తపాలాలో మాత్రం పంపకండి, అమెరికా పోస్టల్ సర్వీసు మద్యాన్ని అసలు ఒప్పుకోదు.

అమ్మకుండా ఉంచుకుంటారా, నిలబెట్టి, ఎండ తగలని చోట, ఫర్నేసుకు దూరంగా పెట్టండి. మూత చుట్టూ పారాఫిల్మ్ (మైనపు పొరలా సాగే పట్టీ) ఒక పొర చుడితే ఆవిరి తగ్గుతుంది, అయితే పట్టీ మీద పడకుండా మూత అంచుకే చుట్టాలి. అందరూ కలిసి తెరుద్దామనుకుంటే, పట్టీని కోయకుండా ఆవిరితో ఊడదీయాలని చూడకండి, చిరుగు పెద్దదవుతుంది. మూత తిరిగే గీత వెంట పదునైన బ్లేడుతో ఒక్కసారి గీసి, నెమ్మదిగా తిప్పండి. లోపలి కార్కు పొర పొడిగా రాలితే మొత్తాన్ని కాఫీ ఫిల్టరు కాగితం గుండా గాజు కూజాలోకి వడకట్టి, ఖాళీ సీసాను లేబుల్ తడవకుండా పక్కన పెట్టుకోండి.